బందరులో బొమ్మల ఉపన్యాసం

విజయవాడ నుంచి బందరుకు, అంటే మచిలీపట్నానికి, బస్సయితే ఉయ్యూరు, పామర్రు మీదుగా రెండు గంటలు. రైలు గుడివాడ, పెడన మీదుగా చుట్టు తిరిగి వస్తుంది. మేం రైలే ఎక్కాం. ప్రొజెక్టరు పెట్టె, చుట్టిన తెర గొట్టం బస్సులో పెట్టుకునే చోటుండదు. పైగా పెడనలో పనుంది. నాలుగో రోజు సాయంత్రం ఒక పాత బడి హాల్లో బందరు చరిత్రను బందరు వాళ్ళకే బొమ్మలతో చెప్పాలి. చెప్పే మేం బయటివాళ్ళం, వినేవాళ్ళు ఆ వీధుల్లో పుట్టి పెరిగినవాళ్ళు. తెర మీద ఒక్క బొమ్మ తప్పు పడ్డా ఆ తర్వాత చెప్పేదేదీ ఎవరి చెవికీ ఎక్కదు. అందుకే ఉపన్యాసం గంటన్నరే అయినా ముందు మూడు రోజుల పని పెట్టుకున్నాం.

పెడనలో దిగింది కలంకారీ అద్దకం ఫొటోల కోసం. అచ్చు వేస్తున్న చేతుల ఫొటో ప్రతి కేలండరులోనూ ఉంటుంది, దాంతో ఊరివాళ్ళకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. మేం ఒకే రకం గుడ్డను నాలుగు దశల్లో, ఒకే ఎత్తు నుంచి, ఒకే నీడలో తీశాం. మొదటిది కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ, లేత పసుపు. రెండోది నల్ల గీత పడ్డ గుడ్డ. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి నీళ్ళలో రోజుల తరబడి మాగేసిన ద్రావణంలో టేకు అచ్చు అద్ది గుడ్డ మీద వేస్తే, కరక్కాయ వగరు తగిలి ఆ గీత అక్కడికక్కడే నల్లబడుతుంది. మూడోది పటిక ముద్ర వేసింది. చూస్తే దాదాపు ఏమీ కనిపించదు. నాలుగోది వేర్ల రంగులో ఉడికించి తీసింది. పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు తేలుతుంది. ఈ నాలుగూ వరసగా వేస్తే కెమిస్ట్రీ పాఠం చెప్పక్కర్లేదు. మూడో బొమ్మ దగ్గర కాస్త ఆగి, "ఇందులో ఎరుపెక్కడుంది?" అని అడిగి, నాలుగోది వేస్తే చాలు. గోల్కొండ సుల్తానుల కాలంలో పరదేశపు ఓడలు ఈ తీరానికి ఎందుకు వచ్చాయో పిల్లలకు కూడా తెలిసిపోతుంది. అరిగిపోయిన పాత అచ్చు ఒకటి అడిగి తెచ్చుకున్నాం, సభలో చేతులు మారడానికి.

రెండో రోజు తెల్లవారుజామునే డచ్చివాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళాం. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. చేత్తో కెమెరా పట్టుకుని తీసుకోవచ్చు గాని స్టాండు వేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. పలకల మీద వంశ చిహ్నాలు, ఉబ్బెత్తు అక్షరాలు. మిట్టమధ్యాహ్నం వెళితే అవేవీ కనిపించవు, నల్లటి బండ మాత్రమే కనిపిస్తుంది. ఎండ ఏటవాలుగా పడే ఏడు, ఎనిమిదిన్నర మధ్య అయితే ప్రతి అక్షరానికీ నీడ పడుతుంది. చెట్టు నీడలో ఉన్న పలకలకు వేరే ఉపాయం ఉంది. ఒకరు గొడుగు పట్టి పైనుంచి వచ్చే వెలుతురు ఆపాలి. ఇంకొకరు టార్చిని రాతికి జానెడు ఎత్తున, దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకోవాలి. టార్చిని నాలుగు వైపుల నుంచీ మార్చి నాలుగు ఫొటోలు తీస్తే, ఒకదాంట్లో మునిగిన గీత ఇంకోదాంట్లో తేలుతుంది. సుద్దముక్క రుద్దడం, పిండి చల్లడం, నీళ్ళు కొట్టడం చాలామంది చేస్తారు, మహాపాపం. సుద్ద రాతి రంధ్రాల్లో కూరుకుపోతే మళ్ళీ రాదు. చాలా పలకల మొదట్లో "హీర్ లెయిట్ బెగ్రావెన్" అన్నట్టు ఉంటుంది, 'ఇక్కడ సమాధి అయి ఉన్నారు' అని. సభలో ఆ మూడు మాటలూ తెర మీద పెద్దగా చూపించి అర్థం చెబితే చాలు, మిగిలిన పలకల మొదటి వరుస జనమే చదివేస్తారు.

పగటిపూట వీధుల్లో తిరిగాం. బందరు చరిత్ర పుస్తకాల్లో కన్నా పేటల పేర్లలో ఎక్కువగా నిలిచింది. వలందులంటే డచ్చివాళ్ళు, హాలండు నుంచి వచ్చిన మాట. వలందపాలెం అలా వచ్చింది. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు, వాళ్ళది పరాసుపేట. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పనే అక్కర్లేదు. డచ్చివాళ్ళు 1605-06లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో, ఫ్రెంచివాళ్ళు 1669లో ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. కోట 1750లో ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషువాళ్ళ సేనాని కర్నల్ ఫోర్డ్ దాన్ని పట్టుకున్నాడు. అయినా ఫ్రెంచివాళ్ళ చిన్న స్థావరం హక్కు 1947 అక్టోబరు దాకా మిగిలే ఉంది. ఈ సంవత్సరాలన్నీ ఒకే స్లైడులో పట్టికగా పెడితే ఎవరూ చదవరు. ఒక్కో పేట బోర్డు, పక్కనే ఉన్న కిళ్ళీ కొట్టుతో సహా ఫొటో తీసి, దాని మీద ఒకే ఒక్క సంవత్సరం వేశాం. బోర్డు తీసేటప్పుడు రోడ్డుకు అవతలి వైపు నుంచి, మనిషి కంటి ఎత్తులో తీయాలి. దగ్గరికెళ్ళి బోర్డొక్కటే తీస్తే అది ఏ వీధో ఆ వీధి వాళ్ళు కూడా పోల్చుకోలేరు.

మధ్యాహ్నం ఇళ్ళలో ఉన్న పాత ఫొటోలకు నకళ్ళు తీసే పని. ఇందులో తప్పులు జరిగే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ. ఎవరి ఫొటో అయినా ఇంటి గడప దాటించకూడదు, అక్కడే నకలు తీసి అక్కడే ఇచ్చేయాలి. వరండాలో నీడపట్టున బల్ల వేసి, ఫొటోను చదునుగా పెట్టి, కెమెరా సరిగ్గా నిటారుగా కిందికి చూసేలా పట్టాలి. ఫ్లాష్ వద్దు. రెండు పక్కలా తెల్ల థర్మోకోల్ అట్టలు నిలబెడితే వెలుతురు సమంగా పడుతుంది. అద్దం ఫ్రేములో మన నీడే కనబడుతుంటే, నల్ల గుడ్డకు కెమెరా కంటికి సరిపడా కన్నం చేసి అడ్డం పెట్టుకుంటే పోతుంది. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను మాత్రం లాగకూడదు. సముద్రపు ఊళ్ళో చెమ్మకు ఫొటో మీది జెలటిన్ పొర మెత్తబడి అద్దాన్ని పట్టేసుకుంటుంది, లాగితే మొహాలన్నీ అద్దంతో పాటే వచ్చేస్తాయి. అలాంటిదాన్ని అద్దంతో సహా నకలు తీయడమే. స్కానరు తీసుకెళ్ళగలిగితే పోస్టుకార్డు సైజు ఫొటోకు 600 డీపీఐ సరిపోతుంది. వెనక వైపు కూడా తీయాలి. స్టూడియో ముద్ర, పెన్సిలుతో రాసిన పెళ్ళి తేదీ అక్కడే దొరుకుతాయి. నంబరు కవరు మీద రాయాలి, ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాస్తే ముందు వైపు గీతలు లేస్తాయి.

మూడో రోజంతా స్లైడ్లు తయారుచేయడమే. యాభై నిమిషాలకు 42 స్లైడ్లు, మిగిలిన నలభై నిమిషాలు జనానివి. ఒక్కో స్లైడు మీద ఒక బొమ్మ, పది మాటలు. అక్షరం వత్తులతో కలిపి తెర మీద రెండున్నర అంగుళాల ఎత్తు లేకపోతే నలభై అడుగుల దూరంలో ఉన్న వెనక బెంచీకి అందదు. ఇంగ్లీషు లెక్కలు చూసి సైజు పెడితే మన కింది వత్తులు నలిగిపోతాయి, వాటికో పాలు ఎక్కువే వేసుకోవాలి. డీటీపీ సెంటరులో యూనికోడ్ కాని 'అను' ఫాంటుతో కొట్టించిన స్లైడు ఇంకో లాప్‌టాప్‌లో తెరిస్తే గీతలూ చుక్కలే కనిపిస్తాయి. యూనికోడ్‌లో కొట్టి, పీడీఎఫ్ చేసి, రెండు పెన్‌డ్రైవుల్లో వేసుకోవాలి.

ప్రతి స్లైడు కుడి మూలన ఒక చుక్క పెట్టాం. రికార్డు ఉన్నదానికి ఆకుపచ్చ, నోటి మాటకు పసుపు. కోట గుమ్మానికి చేప కళ్ళు అలంకరించారనీ, ఊరి పేరు అలా వచ్చిందనీ చెప్పే కథ పసుపు. సెయింట్ మేరీ చర్చిలోని అరబెల్లా సమాధి చుట్టూ అల్లుకున్న ప్రేమకథలో చాలా భాగం పసుపే. కృష్ణా పత్రిక 1902లో మొదలవడం, జాతీయ కళాశాల 1910లో పుట్టడం, పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టడం, ఇవన్నీ ఆకుపచ్చ. పసుపు కథలు తీసేస్తే సభ చప్పబడిపోతుంది. చుక్క లేకుండా చెబితే పిల్లలు రేపు పరీక్షలో రాసేస్తారు. ఊరి పేరు మీద చర్చ మాత్రం చివర్లో పెట్టాలి. పెరిప్లస్ అనే పాత గ్రీకు నౌకాయాన గ్రంథంలో మసాలియా, గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన మైసోలియా, పారసీలో బందర్ అంటే రేవు, హిందీలో మచిలీ అంటే చేప... ఇది ముందు ఎత్తుకుంటే గంటన్నరా దానికే చాలదు.

బాగా తర్జనభర్జన పడింది 1864 ఉప్పెన స్లైడు దగ్గర. నవంబరు 1 రాత్రి వచ్చిన ఆ ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. గార్డన్ మెకంజీ 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్‌లో దాని వివరాలున్నాయి. ఫొటో మాకు దొరకలేదు. దొరక్కపోతే చాలామంది 1977 దివిసీమ ఉప్పెన ఫొటో వేసేస్తారు. బందరులో అది కుదరదు. 1977 నవంబరు 19 చూసినవాళ్ళు హాల్లోనే ఉంటారు, ఆ ఫొటో ఎక్కడిదో వాళ్ళకు తెలుసు. మేం ఊరి పటం గీసి, కోట నుంచి లోపలికి నీలం రంగు పూశాం. దాని తర్వాత ఖాళీ నల్ల స్లైడు ఒకటి పెట్టాం. అక్కడ మాట్లాడకుండా ఒక నిమిషం ఆగాలి, ఎందుకంటే 1864 అనగానే జనం మనసు 1977కి వెళ్ళిపోతుంది. వెంటనే తర్వాతి బొమ్మకు దూకితే వాళ్ళు మనతో రారు.

నాలుగో రోజు మూడింటికే హాలు చేరాం. డిసెంబరులో ఐదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది, అయినా పడమటి కిటికీల వెలుగు ఆరేసరికి ఆరవుతుంది. ఆరుంబావుకు ముందు మొదలుపెడితే మొదటి పది బొమ్మలూ వెలిసిపోయి కనిపిస్తాయి. ఎనిమిది అడుగుల వెడల్పు బొమ్మ కోసం ప్రొజెక్టరును పన్నెండు అడుగుల దూరంలో పెట్టాం. మూడు వేల ల్యూమెన్ల ప్రొజెక్టరుకు తెర దగ్గరి ట్యూబులైట్లు ఆర్పితే చాలు, వెనక ఒకటి వెలుగుతూ ఉండాలి. మొత్తం చీకటి చేస్తే ముసలివాళ్ళు లేవలేరు, పిల్లలు ఊరుకోరు. తెర కింది అంచు నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో కట్టాలి, లేకపోతే ముందు వరస తలలే చరిత్రలో భాగమవుతాయి. హెచ్‌డీఎంఐ తీగ పది మీటర్లు దాటితే బొమ్మ మినుకుమినుకుమంటుంది. సౌండు బాక్సులు మాట్లాడేవాళ్ళకు ముందు, జనం వైపు తిప్పి ఉండాలి, వెనక పెడితే కూత పెడతాయి. లేజర్ చుక్క వణికే చేతిలో ఈగలా తిరుగుతుంది. మేం ఐదడుగుల వెదురు కర్ర పట్టుకున్నాం. చేర్యాల పటాలు విప్పి కథ చెప్పేవాళ్ళ పద్ధతే అది. కర్ర ఎక్కడ ఆనితే కళ్ళు అక్కడే ఆగుతాయి.

మొదటి స్లైడు కోనేరు సెంటరు, మొన్న తీసిన ఫొటో. 1611తో మొదలుపెడితే జనం వెనక్కి వాలతారు. రోజూ కూరగాయలు కొనే చోటు తెర మీద పడగానే ముందుకు వంగుతారు. పదిహేడో స్లైడు ఇళ్ళలో దొరికిన ఒక పాత వీధి ఫొటో. కింద పరాసుపేట అని వేశాం. వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, "ఏవండీ, అది పరాసుపేట కాదండీ. ఆ అరుగు చూడండి, మూడు మెట్లు. మా మేనత్త గారిల్లది, రాబర్ట్‌సన్‌పేటలో" అన్నారు. ఇంకొకావిడ మెట్లు నాలుగన్నారు. ఇలాంటప్పుడు వాదించకూడదు, ఎవరిది నిజమో అక్కడికక్కడే తేల్చనూ కూడదు. ఒకరు మైకు వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి, ఇంకొకరు స్లైడు నంబరు వేసి చెప్పినవాళ్ళ మాట ఉన్నదున్నట్టు రాసుకోవాలి, ఫోనులో రికార్డూ చేసుకోవాలి. ఆ స్లైడు చుక్కను ఆకుపచ్చ నుంచి పసుపుకు మార్చాం. కరెంటు ఒకసారి పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద ఆగింది గాని ప్రొజెక్టరు ఆరిపోయింది. వచ్చిన వెంటనే వెలిగించకూడదు, లోపలి దీపం చల్లారడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలూ పెడన అచ్చు చేతులు మారింది.

తెల్లారి ఆ వీధికి వెళ్ళాం. అరుగు లేదు, దాని మీద సెల్‌ఫోన్ షాపు షట్టరు దిగి ఉంది. పక్కింటి గోడ పగుల్లోంచి పాత ఇటుక కనిపిస్తుంటే దాని పొడవు, మందం కొలిచి, స్కేలు పెట్టి ఫొటో తీసుకున్నాం. ఫొటోలు ఇచ్చినవాళ్ళకు తలా ఒక ఆరు బై ఎనిమిది ప్రింటు, స్లైడ్ల పీడీఎఫ్ ఒకటి హాలువాళ్ళకు ఇచ్చి, పదిహేడో నంబరు కవరు మీద పెన్సిలుతో 'మెట్లు: మూడా, నాలుగా?' అని రాసుకుని రైలెక్కాం.