ఎత్తింది లేదు, దించింది లేదు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో నేను గుమస్తాని. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసేది హమాలీలు. నేను లెక్క రాసుకునేవాణ్ణి. అందుకే సంక్రాంతి వెళ్లాక ఒకరోజు స్నానం చేస్తుంటే కుడి గజ్జల్లో నిమ్మకాయంత ఉబ్బు చేతికి తగిలినా హెర్నియా అనుకోలేదు, అది బరువులెత్తేవాళ్లకే వస్తుందనుకునేవాణ్ణి. పడుకుంటే పోయేది. నిలబడినా, దగ్గినా మళ్లీ వచ్చేది. నొప్పి లేదు గానీ సాయంత్రానికి అక్కడేదో వేలాడుతున్నట్టు లాగేది.

అలాంటిచోట ఏదైనా వస్తే ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గు. మా హమాలీల్లో ఒక పెద్దాయనకి చెప్పాను. "బుడ్డ అయ్యుంటదిలే గుమస్తాగారూ" అన్నాడు. పక్కనున్నతను "కాదు, పేగు దిగింది, బెల్టు కట్టుకోండి" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. మంచి సీజను నడుస్తోంది, మే నెలలో వేసవి సెలవులిచ్చేదాకా నేను కొట్టు వదలడం కుదరదు. కొత్తపేటలో బెల్టు కొని మూడు నెలలు కట్టాను. ఎండకి దానికింద చర్మం ఒరుసుకుపోయింది. నిమ్మకాయ కాస్తా బత్తాయి అయింది.

ఏప్రిల్లో ఒక రాత్రి అది లోపలికి పోలేదు. పడుకున్నా రాయిలా అలాగే ఉంది. వేళ్లతో నెట్టాను. నొప్పికి కళ్లనీళ్లొచ్చాయి. మా ఆవిడకి అప్పుడు తెలిసింది. "ఇన్నాళ్లూ దాచారా అండీ!" అని తిడుతూనే ఆటో పిలిచింది. ఆసుపత్రిలో నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇచ్చి, కాళ్లవైపు మంచం ఎత్తి పడుకోబెట్టారు. గంటకి అదే సర్దుకుంది. పేగు అలా ఇరుక్కుని రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే కుళ్లిపోతుందట. ఉబ్బు గట్టిపడినా, రంగు మారినా, వాంతులైనా, గ్యాసు పోకపోయినా అర్ధరాత్రని చూడకుండా పరుగెత్తాలనీ, సొంతంగా నెట్టకూడదనీ డ్యూటీ డాక్టరు గట్టిగానే చెప్పాడు.

మర్నాడు సర్జన్ గారు నిలబెట్టి దగ్గమన్నారు, టార్చి వేసి చూశారు. బుడ్డయితే లోపల నీరు కాబట్టి వెలుతురు మెరుస్తుందట. నాది మెరవలేదు.

"ఎత్తింది లేదు, దించింది లేదు. నాకెందుకొచ్చింది డాక్టరుగారూ?" అన్నాను.

ఆయన మూడు అడిగారు. దగ్గుంటుందా? విరేచనానికి ముక్కుతారా? మూత్రానికీ ముక్కాల్సి వస్తుందా? మూడోది తప్ప మిగతా రెండిటికీ నాది అవుననే సమాధానం. ఇరవై ఏళ్లుగా మిరప ఘాటుకి దగ్గుతున్నాను, దానికి తోడు సిగరెట్లు. దగ్గిన ప్రతిసారీ పొట్టలో ఒత్తిడి పెరిగి పొట్ట కండ గోడమీద పడుతుందన్నారు. మగపిల్లలకి పుట్టకముందే వృషణాలు కడుపులోంచి గజ్జల దారినే కిందికి దిగుతాయి, అందుకే మగవాళ్లకి ఆ గోడ అక్కడ పలచన. ఆడవాళ్లకి ఇంకొంచెం కింద, తొడ మొదట్లో వచ్చే రకం ఒకటుంది. చిన్నదే గానీ ఇరుక్కోవడం ఎక్కువట. బొడ్డు దగ్గర రావచ్చు, పాత ఆపరేషన్ కుట్టు దగ్గరా రావచ్చు. నా పక్క మంచం ఆవిడది అలా పాత కుట్టు దగ్గర వచ్చిందే.

నాకు మాత్రం ఇదంతా గోతాం లెక్కన అర్థమైంది. బట్ట పలచబడినచోట సరుకు తోసుకొస్తుంది. మందులకి ఆ చిరుగు పూడదు, బెల్టు పైన చెయ్యి అడ్డం పెట్టడం లాంటిది. 1880ల్లో ఇటలీలో బస్సిని అనే సర్జను నేర్పిన పద్ధతిలో అంచులు దగ్గరికి లాగి కుట్టేవాళ్లట. బిగించి కుట్టిన గోతాం మళ్లీ ఎక్కడ చిరుగుతుందో మా యార్డులో ఎవరినడిగినా చెబుతారు. ఇప్పుడు దోమతెర ముక్కలాంటి ప్లాస్టిక్ మెష్ వేస్తారు. కండ దాన్ని అల్లుకుని గట్టిపడుతుంది. రెండుపక్కలా ఉన్నా, ఒకసారి కోసి కుట్టాక మళ్లీ వచ్చినా చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే లాప్రోస్కోపీ మేలన్నారు. నాది ఒకపక్కే, మొదటిసారి. నడుముకి మత్తిచ్చి కోసి చేయించుకున్నాను. గంటలో అయిపోయింది.

అసలు పరీక్ష ఇంటికొచ్చాక. కుట్ల నొప్పి మాత్రలకి ఆగింది గానీ, మూడోరోజు మా ఆవిడ పప్పుచారులో ఎండుమిర్చి పోపు వేసింది. రెండు తుమ్ములు! దిండు పొట్టకి అదుముకుని మంచంమీద ముడుచుకుపోయాను. ఆ తర్వాత పది రోజులు మా ఇంట్లో పోపు లేదు. బీజాల దగ్గర నల్లగా కమిలితే హడలిపోయి ఫోన్ చేశాను, అది మామూలేనన్నారు. రాత్రిళ్లు ఇసబ్‌గోల్ తాగి ముక్కే పని తప్పించుకున్నాను. నాలుగో రోజునుంచి వీధి చివరిదాకా నడక. ఆరు వారాలపాటు నీళ్లు నిండిన బిందె కూడా ఎత్తవద్దన్నారు. సిగరెట్ మానేశాను. ఇది మాత్రం ఆపరేషన్ కంటే కష్టమైంది.

సెలవులయ్యాక యార్డు తెరిచారు. మాస్కు పెట్టుకుని కూర్చుంటున్నాను. కుట్టు పక్కన అరచేతిలో సగమంత మేర ఇప్పటికీ స్పర్శ సరిగ్గా తెలియదు. టిక్కీ విప్పి ఘాటు లేచినప్పుడు అందరి చెయ్యీ ముక్కుమీదికి పోతుంది. నాది ముందు గజ్జలమీదికి పోతోంది.