ఫ్రాన్స్‌లో మా మొదటి కారు: నా అనుభవం

మేం 2022 సెప్టెంబరులో ఫ్రాన్స్ వచ్చాం. నాకు టులూజ్ నగరం పక్కనే ఉన్న బ్లాన్యాక్‌లో ఉద్యోగం. నగరంలో అద్దెలు చూసి, అక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరంలో గ్రెనాద్ అనే చిన్న ఊళ్లో ఇల్లు తీసుకున్నాం. 1290లో వెలిసిన ఊరు, మధ్యలో పెద్ద కప్పు కింద పాతకాలపు అంగడి, శనివారం సంత. ఊరు మాకు చాలా నచ్చింది. కానీ రైలు స్టేషను లేదు. బస్సులున్నాయి గానీ నా ఆఫీసుకి రెండు మారాలి. సాయంత్రం ఒకటి తప్పిందంటే పాపని స్కూలు నుంచి తీసుకురావడం టెన్షనే. పది కిలోల బియ్యం బస్తా టులూజ్ నుంచి బస్సులో మోసుకొచ్చిన రోజు మావారు అన్నారు, "ఇక కారు కొనాల్సిందే" అని.

గుంటూరులో మాకు మారుతీ కారుండేది. ఇద్దరం నడిపేవాళ్లం. కాబట్టి డబ్బు సర్దుకుంటే చాలు, కారు వచ్చేస్తుందనుకున్నాం. మా ఆఫీసులో రాజమండ్రి అన్నయ్య ఒకరున్నారు, పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నారు. ఆయనతో చెబితే మొదటి ప్రశ్న బడ్జెట్ గురించి అడగలేదు. "అమ్మా, మీ లైసెన్సులు ఎన్నాళ్లు పనిచేస్తాయో చూసుకున్నారా?" అన్నారు. అక్కడి నుంచే మా వెతుకులాట మొదలైందని చెప్పాలి.

మనలా ఉద్యోగాలకు వచ్చి ఇక్కడ ఉండేవాళ్లు ఇండియా లైసెన్సుతో ఒక ఏడాది మాత్రమే నడపగలరు. విద్యార్థులకు నిబంధన వేరు, చదువు ఉన్నంతకాలం వాళ్లకు చెల్లుతుంది. లైసెన్సుతో పాటు ఫ్రెంచి అనువాదం ఉండాలి, అది కూడా కోర్టు గుర్తించిన అనువాదకులు చేసినదై ఉండాలి. ఏ దేశాల లైసెన్సు ఇచ్చి ఫ్రెంచి లైసెన్సు తీసుకోవచ్చో ప్రభుత్వం జాబితా పెడుతుంది. అది చూసుకుని, ఎవరి మాటా నమ్ముకోకుండా ఇద్దరం కొత్తగా పరీక్ష రాయాలని నిశ్చయించుకున్నాం. మా గడువు 2023 సెప్టెంబరు దాకా.

ఇక్కడే కారు ఎంపిక సగం తేలిపోయింది. ఫ్రాన్స్‌లో మాన్యువల్ గేరు కారుకి కనీసం 20 గంటల డ్రైవింగ్ పాఠాలు కావాలి, ఆటోమేటిక్‌కి 13 గంటలు చాలు. మా డ్రైవింగ్ స్కూల్లో గంటకు 55 యూరోలు తీసుకున్నారు. ఇద్దరికి లెక్కేస్తే తేడా చిన్నది కాదు. అయితే ఆటోమేటిక్‌లో పాసైతే ఆటోమేటిక్ కారే నడపాలి. లైసెన్సు మీద 78 అనే కోడ్ వేస్తారు. మూడు నెలలు గడిచాక 7 గంటల శిక్షణ తీసుకుంటే ఆ కోడ్ తీసేస్తారు. ఎడమ చేత్తో గేరు వేసే అలవాటున్న మాకు, కుడి చేత్తో గేరు, కుడి పక్క రోడ్డు, ఫ్రెంచి బోర్డులు, అన్నీ ఒకేసారి నేర్చుకోవడం కంటే గేరు బాధ తీసేయడమే మంచిదనిపించింది. అంటే మేం వెతకాల్సింది ఆటోమేటిక్ కారు. సెకండ్ హ్యాండ్ చిన్న కార్లలో ఇక్కడ మాన్యువల్‌వే ఎక్కువ, కాబట్టి మా జాబితా ఒక్కసారిగా చిక్కిపోయింది.

అంతకుముందే మేం ఒక కారు దాదాపు ఖాయం చేసుకున్నాం. పాత డీజిల్ బండి, 2004 మోడల్, 2,500 యూరోలు. చూడ్డానికి బాగుంది. అమ్మే ఆయన కూడా బాగా మాట్లాడాడు. రాజమండ్రి అన్నయ్య దాని సంవత్సరం వినగానే వద్దన్నారు. ఇక్కడ ప్రతి కారుకీ పొగని బట్టి క్రిటేర్ అనే రంగు స్టిక్కర్ ఉంటుంది. బ్యాటరీ కారుకి 0, 2011 నుంచి వచ్చిన పెట్రోలుకి 1, అదే కాలపు డీజిల్‌కి 2, అలా 5 దాకా. 2001 నుంచి 2005 మధ్య డీజిల్ అంటే 4. టులూజ్‌లో పొగ ఎక్కువ వదిలే బండ్లను రానివ్వని ప్రాంతం ఒకటి పెట్టారు, 2023 జనవరి నుంచి 4, 5 స్టిక్కర్లవి అందులోకి రాకూడదన్నారు. ఆఫీసుకి పోవడానికి కొన్న కారు టులూజ్ ఊళ్లోకే పోలేకపోతే ఏం లాభం? అప్పట్లో ఈ నియమాలు ఊరికో రకంగా ఉండేవి, మారుతూ కూడా ఉండేవి. మీరు ఉండబోయే నగరం పేరుతో, కొనే నెలలో ఒకసారి చూసుకోవడం తప్పనిసరి.

ప్రకటనల్లో ఇంకో మాట మమ్మల్ని తికమక పెట్టింది. "3 తలుపులు" అని ఉంటుంది. వెనక డిక్కీ తలుపుని కూడా కలిపి లెక్కపెడతారు. అంటే ముందు రెండే తలుపులు, వెనక కూర్చునేవాళ్లు ముందు సీటు మడిచి ఎక్కాలి. మా పాపకి అప్పుడు ఐదేళ్లు, పదేళ్ల లోపు పిల్లలు వెనక సీట్లోనే, తగిన సీటులో కూర్చోవాలి. వానలో ముందు సీటు మడిచి ఆ సీటు బెల్టు పెట్టడం ఎంత కష్టమో ఊహించుకుని, 5 తలుపులవి తప్ప చూడకూడదనుకున్నాం.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆరు కార్లు చూశాం. రెండు చోట్ల సర్వీసు పుస్తకం లేదు. ఒకచోట టైమింగ్ బెల్టు మార్చామన్నారు గానీ బిల్లు చూపించలేదు. ఆ బెల్టు తెగితే ఇంజనే పోవచ్చు, కాబట్టి బిల్లు లేని మాటకి విలువ ఇవ్వొద్దని మావారు పట్టుబట్టారు. ఆయన మాటే సరైంది. ఇంకొకాయన తన కారు తనిఖీ పాసైందని గట్టిగా చెప్పాడు. కాగితం తేదీ చూస్తే ఏడు నెలల కిందటిది.

ఈ తనిఖీ గురించి వివరంగా చెప్పాలి, మనకి కొత్త. కారుకి నాలుగేళ్లు నిండేముందు మొదటిసారి, ఆ తర్వాత రెండేళ్లకోసారి గుర్తింపు ఉన్న కేంద్రంలో చూపించాలి. కారు అమ్మేటప్పుడు ఆ కాగితం ఆరు నెలల లోపుది కావాలి. అందులో లోపాల్ని చిన్నవి, పెద్దవి, ప్రమాదకరమైనవి అని మూడుగా రాస్తారు. పెద్ద లోపం ఉంటే రెండు నెలల్లో బాగు చేయించి మళ్లీ చూపించాలి. అమ్మేవాళ్ల మాట కంటే ఈ రెండు పేజీలు ఎక్కువ నిజం చెబుతాయి. దీనికి తోడు ప్రభుత్వమే హిస్టోవెక్ అని ఒక ఉచిత సదుపాయం నడుపుతోంది. కారు ఎంతమంది చేతులు మారింది, ప్రమాదంలో దెబ్బతిన్నదిగా నమోదైందా, ఎవరికైనా బాకీ కింద అమ్మకం ఆగి ఉందా, అన్నీ అందులో తెలుస్తాయి. అమ్మేవాళ్లే ఆ లింకు తీసి మనకి పంపాలి. నేను అడిగితే ఒకాయన "నా మీద నమ్మకం లేదా?" అని ఫోన్ పెట్టేశాడు. నాకు బాధేసింది. కానీ ఆ తర్వాత లింకు పంపని వాళ్ల కారు చూడ్డానికి కూడా వెళ్లలేదు.

మే నెలలో మోంతోబాన్‌లో ఒక టయోటా యారిస్ హైబ్రిడ్ కనిపించింది. 2015 మోడల్, 68,000 కిలోమీటర్లు, పెట్రోలు, ఆటోమేటిక్, 5 తలుపులు, స్టిక్కర్ 1. ధర 11,000 యూరోలు. మా బడ్జెట్ కంటే వెయ్యి ఎక్కువ. అమ్మేది రిటైరైన ఒక టీచరమ్మ. అడగకముందే హిస్టోవెక్ లింకు పంపింది. టులూజ్ నుంచి అరగంట రైలు ప్రయాణం. మేం వెళ్లేసరికి ఆమె బల్ల మీద ఏడాదివారీగా బిల్లులు పేర్చి పెట్టి ఉంచింది. హైబ్రిడ్ బ్యాటరీ పరీక్షించిన కాగితాలు కూడా ఉన్నాయి. తనిఖీ మూడు నెలల కిందటిది, రాసింది ఒకే చిన్న లోపం, ముందు టైర్లు అరిగాయని.

మావారు నడిపి చూశారు, ఆయన ఏడాది గడువు ఇంకా ఉంది కాబట్టి. మన మారుతీలో ఇండికేటర్ కుడివైపు, ఇక్కడ ఎడమవైపు. మొదటి మలుపులో వైపర్ తిరిగింది. టీచరమ్మ ఏమీ కంగారు పడకుండా నిదానంగా రౌండెబౌట్ల దగ్గర ఎవరికి దారివ్వాలో చెబుతూ కూర్చుంది. బోర్డు ఏదీ లేని కూడలిలో కుడి పక్క నుంచి వచ్చేవాళ్లకే ముందు దారి అనే నియమాన్ని మొదట వివరంగా అర్థమయ్యేలా చెప్పింది ఆమే. టైర్ల సంగతి చెప్పి 10,600కి అడిగితే ఒప్పుకుంది.

అసలు పని అప్పుడు మొదలైంది. ముందు ఇన్సూరెన్సు. ఇన్సూరెన్సు లేకుండా కారు రోడ్డెక్కించకూడదు, కాబట్టి తాళం చేతికి రాకముందే పత్రం రావాలి. నాలుగు చోట్ల అడిగితే రెండు చోట్ల ఇండియా లైసెన్సుకి ఇవ్వలేమన్నారు. ఒకచోట నా పేరు దగ్గర ఆగిపోయింది. నా లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. అనువాదకురాలు ఉన్నది ఉన్నట్టే అనువదించాలి, ఆమె చేయగలిగింది ఏమీ లేదు. మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుంది. బయల్దేరేముందే లైసెన్సులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు మార్పించుకోండి, అక్కడ ఒక్క పూట పని, ఇక్కడికొచ్చాక నెలల పని. మావారి లైసెన్సులో పేరు పూర్తిగా ఉంది. చివరికి ఆయన్ని డ్రైవరుగా చూపించి ఏడాదికి 1,140 యూరోలకు పాలసీ తీసుకున్నాం. ఇండియాలో క్లెయిము లేకుండా నడిపిన సంవత్సరాలకు మాకు తగ్గింపు ఇవ్వలేదు. ఇక్కడ ప్రీమియాన్ని హెచ్చించే గుణకం ఒకటి ఉంటుంది, అందరూ 1.00తో మొదలుపెడతారు, ప్రమాదం చేయకపోతే ఏటా 5 శాతం తగ్గుతూ పోయి 0.50 దగ్గర ఆగుతుంది. నా పేరు పాలసీలో లేనన్నాళ్లూ నేను స్టీరింగ్ ముట్టుకోలేదు. రోజూ మావారే దింపి, ఇంటికెళ్లి తన పని చేసుకున్నారు.

డబ్బు బ్యాంకు చెక్కుతో ఇచ్చాం. మన డిమాండ్ డ్రాఫ్టు లాంటిది. దొంగ చెక్కులతో మోసాలు జరుగుతాయి కాబట్టి, అమ్మేవాళ్లు చెక్కు మీది నంబరుకి కాకుండా తాము వేరేగా వెతికి పట్టుకున్న నంబరుకి బ్యాంకుకి ఫోన్ చేసి నిజమేనా అని కనుక్కుంటారు. అందుకని బ్యాంకు తెరిచి ఉండే వేళ పెట్టుకోవాలి. మేం శుక్రవారం ఉదయం వెళ్లాం. ఆమె ఫోన్ చేసుకునేదాకా కాఫీ తాగుతూ కూర్చున్నాం.

అమ్మకం పత్రం రెండు ప్రతులు, ఇద్దరూ సంతకాలు. పాత రిజిస్ట్రేషన్ కార్డు మీద, మన ఆర్సీ అన్నమాట, ఆమె అడ్డంగా గీత కొట్టి "అమ్మాను" అని తేదీ, గంట, నిమిషం కూడా రాసి సంతకం పెట్టింది. ఆ నిమిషం తర్వాత ఏ జరిమానా వచ్చినా మాది. అమ్మకం విషయం ఆమె ఆన్‌లైన్‌లో నమోదు చేసి, వచ్చిన కోడ్ మాకిచ్చింది. ఆ కోడ్ లేకపోతే మన పేరు మీదికి మార్పించుకోలేం.

పేరు మార్పుకి నెల గడువు. 2017 నుంచి ఈ పనంతా ఆన్‌లైన్‌లోనే, మేం ప్రభుత్వ సైటులో చేశాం. వెతికేటప్పుడు ప్రభుత్వపు సైటులాగే కనిపించి అదనంగా రుసుము తీసుకునే ప్రైవేటు సైట్లు పైన వస్తాయి, చూసుకోవాలి. ఇంటి చిరునామాకి ఆరు నెలల లోపు కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు పత్రం, లైసెన్సు, తనిఖీ కాగితం అడిగారు. పన్ను కారుకున్న "ఫిస్కల్ గుర్రాల" లెక్కన కట్టాలి, అంటే పన్ను కోసం లెక్కగట్టే ఇంజను శక్తి. మాది 4. ఒక్కో గుర్రానికి రేటు ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంటుంది. ఇద్దరి పేర్లతో పెట్టాం. వెంటనే ఒక తాత్కాలిక పత్రం వచ్చింది, దానితో నెల రోజులు తిరగొచ్చు. అసలు కార్డు వారంలో పోస్టులో ఇంటికొచ్చింది. నంబరు ప్లేటు మార్చక్కర్లేదు. 2009 నుంచి ఇక్కడ నంబరు కారుతోనే ఉంటుంది, ఎవరు కొన్నా ఏ జిల్లాకి పోయినా అదే. రాష్ట్రం మారినప్పుడల్లా ఎన్‌ఓసీ కోసం తిరిగిన మాకు ఇది చాలా ఊరటనిచ్చింది.

ముందు టైర్లు రెండూ మార్చేటప్పుడు మెకానిక్ నాలుగూ మార్చమన్నాడు. కొండ, మంచు రేకు బొమ్మల గుర్తున్న అన్ని కాలాల టైర్లు వేయించాం. పిరనీస్ కొండల వైపు వెళ్తే నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా చాలా ఊళ్లలో అలాంటి టైర్లో, గొలుసులో తప్పనిసరి. కార్లో మెరిసే పసుపు సేఫ్టీ జాకెట్టు, ఎర్ర హెచ్చరిక త్రికోణం కూడా ఉండాలి. జాకెట్టు డిక్కీలో కాదు, దిగకుండా చేతికందేలా. పెట్రోలు బంకులో "గజోల్" అని ఉంటే అది డీజిల్, గ్యాసోలిన్ కాదు. గుండ్రటి గుర్తులో ఈ10 అన్నది పెట్రోలు, చదరపు గుర్తులో బీ7 అన్నది డీజిల్. మా కారు ఇంధనపు మూత లోపల ఆ గుండ్రటి గుర్తు అతికించి పెట్టాను.

లైసెన్సు పరీక్ష గురించి తొందరగా చెప్పేస్తాను. రాత పరీక్షలో 40 ప్రశ్నలకు 35 రావాలి, ఫ్రెంచిలో. నాకు మొదటిసారి 33తో పోయింది, రెండోసారి 37. డ్రైవింగ్ పరీక్ష జూలైలో. ఫలితం అక్కడికక్కడ చెప్పరు, రెండు రోజుల తర్వాత ఆన్‌లైన్‌లో కాగితం వస్తుంది, అదే నాలుగు నెలలు లైసెన్సుగా పనిచేస్తుంది. నేను పాసయ్యాను, ఆ కాగితం పంపి పాలసీలో నా పేరు కలిపించాను. మావారికి పరీక్ష తేదీ అక్టోబరులో దొరికింది. సెప్టెంబరులో ఆయన గడువు తీరిపోయిన రోజు నుంచి తాళం నా దగ్గరే. చెల్లని లైసెన్సుతో నడిపితే ఇన్సూరెన్సు మనల్ని కాపాడదు. ఆ ఐదు వారాలూ ఆఫీసుకి, స్కూలుకి, సంతకి నేనే నడిపాను. కొత్త లైసెన్సు కాబట్టి వెనక అద్దం కింద ఎర్ర "ఏ" స్టిక్కర్ పెట్టుకుని, 130 ఉన్న హైవే మీద 110 దాటకుండా.

అక్టోబరు మూడో వారంలో మావారి కాగితం కూడా వచ్చింది. ఆ రాత్రే దాన్నీ స్కాన్ చేసి ఇన్సూరెన్సు వాళ్లకి పంపాను. మర్నాడు మధ్యాహ్నానికి ఇద్దరి పేర్లతో కొత్త పత్రం వచ్చింది. ఇంటిపేర్లు రెండూ పూర్తిగా, అక్షరం పోకుండా ఉన్నాయి. ప్రింటు తీసి కార్లో ముందు అరలో పెట్టాను.