నా పాట మీద నాకే నోటీసు

పన్నెండు దాటింది. లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్ళీ లేచొచ్చి టైప్ చేస్తున్నాను. "మీ వీడియోలో వేరొకరి కంటెంట్ ఉంది" అట. ఎవరండీ ఆ వేరొకరు? ఆ గొంతు నాది. ఆ మాటలు నావి. ఆ బాణీ విద్యానగర్‌లో మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని, గచ్చు కాలుతుంటే కాళ్ళు పైకి ముడుచుకుని నేను కట్టింది.

పొద్దున్న మెసేజ్‌తో మొదలైంది ఇదంతా. వచ్చే నెల ప్రోగ్రాం వాళ్ళది. "మేడమ్, 50 మాటల్లో బయో, ఒక నిమిషం వీడియో, సాయంత్రంలోపు. ప్రస్తుతం మీది ఏ బ్యాండ్?" ఆ చివరి ప్రశ్న చదువుతుండగానే పెద్దమామయ్యగారు (కంటి ఆపరేషన్ అయిపోయింది, డాక్టరు వెళ్ళొచ్చన్నాడు, ఆయన ఇంకా ఉన్నారు) ఉప్మాలో జీడిపప్పు ఏరుకుంటూ అందుకున్నారు.

"ఎన్ని మారావమ్మా ఇప్పటికి?"

"ఆరు."

"మావాడు నాలుగు కంపెనీలు మారాడు. మారినప్పుడల్లా ముప్ఫై శాతం హైక్."

నేనేమీ అనలేదు. రెండోసారి చట్నీ మాత్రం వెయ్యలేదు.

బయో రాయడానికి కూర్చున్నాను. "ఆరు బ్యాండ్లలో పాడిన" అని రాస్తే ఆరు చోట్ల నుంచి గెంటేసినట్టుంది. "ఆరు బ్యాండ్ల అనుభవం గల" అని మారిస్తే కేటరింగ్ వాళ్ళ బోర్డులా ఉంది. అసలు ఈ ఆరూ 50 మాటల్లో ఎలా పడతాయి? కాలేజీ బ్యాండుది ఒక గొడవ: ఇంగ్లీషు పాటలు, సగం అర్థం కాకపోయినా కళ్ళు మూసుకుని పాడేవాళ్ళం. రెండోది మేం "డిస్టార్షన్" (గిటార్ నాదాన్ని గరగరలాడించే ఎఫెక్టు) అని పేరు పెట్టిన గిటారిస్టు వాళ్ళతో తెలుగు రాక్. ఆ తర్వాత ఫ్యూజన్, వయొలినూ ఘటమూనూ. అందులో నా పాట మధ్యలో తనియావర్తనం, అంటే తాళవాద్యం ఒక్కటే వాయించే భాగం, పెట్టారు. ఏడు నిమిషాలు స్టేజీ మీద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. మాదాపూర్ పబ్బుల్లో పాడిన రెండేళ్ళూ టిష్యూ పేపర్ల మీద రిక్వెస్టులు. ఐదోది సంగీత్‌ల బ్యాండు, శంషాబాద్ వైపు ఫంక్షన్ హాళ్ళు. నిజంగా డబ్బులొచ్చింది అందులోనే, మా వాషింగ్ మెషీన్ ఆ బ్యాండు పెట్టిన భిక్షే. ఆరోది కహోన్ (కూర్చుని వాయించే పెట్టె డ్రమ్ము) కుర్రాడితో ఇద్దరమే, కోవిడ్ దాకా. ఇప్పుడు నేనూ, వాయించినదాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పి వినిపించే ఒక లూప్ పెడలూ.

రెండో బ్యాండు నుంచి ఇప్పటిదాకా నాతో ఉన్నది నల్లా పాట ఒక్కటే. "రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళలాంటివాడా" అని మొదలయ్యేది. పబ్బులో ఎవరూ అడక్కపోయినా చివర్లో పాడేదాన్ని. సంగీత్ బ్యాండు దానికి ఢోలు తగిలించింది, ఓ పెళ్ళికూతురి నాన్న వచ్చి మా పెళ్ళిలో నీళ్ళ కరువు పాటేంటమ్మా అన్నారు.

సరే, ఆరు బ్యాండ్లవీ తలా పది సెకన్లు ముక్కలు కోసి నిమిషం వీడియో చేశాను. పైకెక్కించాను. మూడు నిమిషాల్లో నోటీసు. రెండో ముక్క, 2009 నాటి నల్లా పాట రికార్డింగు, పట్టుబడింది. ఇది మాది అని క్లెయిమ్ పెట్టింది ఎవరా అని చూస్తే మా పాత బ్యాండు పేరు. అంటే డిస్టార్షన్‌గాడే. ఎప్పుడో ఆ పాటని, పాటల్ని ఆన్‌లైన్‌లోకి చేర్చే ఏదో డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఎక్కించేశాడన్నమాట. నాకు ఒక్క మాట చెప్పకుండా! వివరాలు తెరిచాను. పాడినది: బ్యాండు. రాసినది: బ్యాండు. బాణీ: బ్యాండు. బ్యాండు కూర్చుని రాసిందా? ఆ పాట రాసేటప్పుడు బ్యాండు మేడ కింద ఇరానీ హోటల్లో సమోసాలు తింటోంది.

అప్పటి నుంచి మధ్యాహ్నమంతా నా నోరు ఆగలేదు. వంటింట్లో గోంగూర కడుగుతూ వాడిని తిట్టాను, బట్టలు మడతపెడుతూ తిట్టాను. పెడల్ మీద నుంచి కాలు తీయడం తెలియని మనిషి. జోలపాటకి కూడా డిస్టార్షన్ పెడతాడు కాబట్టే ఆ పేరు. మా ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) పట్టుకుపోయి తిరిగివ్వనివాడు (ఆంప్ సంగతి ఇక్కడ కనీసం మూడుసార్లు రాసుంటాను). ఇప్పుడు పాట కూడా పట్టుకుపోయాడు.

మా ఆయన ఓదార్పు ఎప్పుడూ కేసులతోనే. రాక్ గాయకుడు నీల్ యంగ్ సంగతి ఎత్తారు. బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్, క్రేజీ హార్స్, క్రాస్బీ-స్టిల్స్ వాళ్ళతో, మళ్ళీ వేరేవాళ్ళతో, ఆయన మారినన్ని బ్యాండ్లు నేను మారలేదు. 1983లో ఆయన రికార్డు కంపెనీ గెఫెన్ రికార్డ్స్ ఆయన మీద కోర్టుకెళ్ళింది. ఆరోపణ ఏమిటంటే, ఇచ్చిన ఆల్బమ్‌లు నీల్ యంగ్ పాటల్లా లేవు అని. ఇక జాన్ ఫోగర్టీది దానికి సరిగ్గా తిరగేసిన కథ. ఆయన బ్యాండు క్రీడెన్స్ విడిపోయిన చాలా ఏళ్ళకి సోలోగా ఒక పాట చేస్తే అది పాత బ్యాండు పాటకి కాపీ అని ఆ పాత పాట హక్కులున్న కంపెనీ కేసు వేసింది. ఆ పాత పాట రాసింది కూడా ఆయనే! 1988లో గిటార్ కోర్టుకి పట్టుకెళ్ళి, సాక్షి స్థానంలో కూర్చుని వాయించి చూపించి గెలిచాడు. "కాబట్టి నువ్వు ఫోగర్టీవి" అన్నారు మా ఆయన, గొప్ప బిరుదేదో ఇచ్చినట్టు. నాకు కోర్టు లేదు. నాలుగు ఆప్షన్లున్న డ్రాప్‌డౌన్ ఉంది. అభ్యంతరం పెడితే అవతలివాళ్ళకి 30 రోజుల గడువట.

నాన్నకి ఫోన్ చేస్తే ఇంకో దారిలో వెళ్ళారు. "వాగ్గేయకారిణివి కదే, ముద్ర వేసుకోవాల్సింది" అన్నారు. నవ్వుతూ అన్నారు గానీ నాకు తగిలింది. నిజమే కదా. క్షేత్రయ్య మువ్వగోపాలుడంటాడు, త్యాగయ్య ఆఖరి చరణంలో సొంత పేరే పెట్టేస్తాడు. ఎవరు ఎక్కడ ఎలా పాడినా పేరు పాటలోనే ఉంటుంది, పెరికెయ్యాలంటే చరణం పాడవుతుంది. ఫారంలో గడి ఖాళీగా వదిలెయ్యడానికి కుదరదు. నల్లా పాట మూడో చరణంలో నా పేరు పెట్టుంటే? నా పేరు నాలుగక్షరాలు. ప్రయత్నించాను కూడా. తాళం కుంటింది.

రాత్రి భోజనాలయ్యాక సాక్ష్యం వెతకడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లో పాటలన్నీ ఒక లాంగ్ బుక్‌లో రాసేదాన్ని. నల్లా పాట కొట్టివేతలతో, తారీకుతో సహా అందులో ఉంటుంది. అటక మీద పెట్టెలో దొరికింది. పాట ఉంది. తారీకు ఉంది. గెలిచానని అనుకుంటూ పేజీ తిప్పితే ఒక రసీదు జారి పడింది.

స్టూడియో రసీదు. 4 గంటలు, 6,000 రూపాయలు, పూర్తిగా చెల్లించారు. పేరు దగ్గర డిస్టార్షన్‌ది.

2009 డిసెంబరు. బంద్‌లు. షిఫ్టు పొద్దున్న ఆరింటికి, కృష్ణానగర్‌లో, అడ్వాన్స్ ఇచ్చేశాం కాబట్టి మానడానికి లేదు. ఆటోలు లేవు. వాడు బైక్ మీద వచ్చాడు. నేను వెనక, గిటార్ నా వీపు మీద. ఓయూ వైపు వెళ్ళకుండా నల్లకుంట, బర్కత్‌పుర, హిమాయత్‌నగర్, లకడీకాపూల్ మీదుగా తిప్పి తిప్పి తీసుకెళ్ళాడు. పంజాగుట్ట దగ్గర పోలీసు ఆపి "ఏంది అది?" అని గిటార్ సంచీ తెరిపించాడు. చూసి, "పాడతారా?" అన్నాడు. అవునంటే పొమ్మన్నాడు. పాడమంటాడేమోనని నాకు భయం, అడగలేదని కొంచెం బాధ.

స్టూడియో అంటే ఇంటి వెనక గది. గోడలకి కోడిగుడ్ల అట్టలు, తలుపుకి రగ్గు. డ్రమ్స్‌కి మైకులు పెట్టించడం మా తాహతుకి మించిన పని కాబట్టి డ్రమ్స్ కంప్యూటర్లో కొట్టాం, మా డ్రమ్మర్ ఆ అవమానానికి రానేలేదు. టేక్ అప్పుడు ఏసీ ఆపాలి, దాని రొద మైకులోకి వస్తుంది. డిసెంబరులో కూడా ఆ గదిలో చెమటలు. తొమ్మిదో టేక్ బాగా వస్తుంటే బయట గ్యాస్ సిలిండర్లవాడు సిలిండర్ మీద స్పానరుతో కొట్టుకుంటూ వెళ్ళాడు. పదకొండోది ఉంచాం. చివరి లైను మెల్లగా పాడాలి. నా హెడ్‌ఫోన్ వదులు. అందులోంచి క్లిక్, అంటే తాళం తప్పకుండా చెవిలో వినిపించే టిక్ శబ్దం, కారి మైకులో పడింది. ఇప్పటికీ వినిపిస్తుంది, ఆఖర్లో టిక్, టిక్, టిక్. వాడు అప్పుడు ఏమన్నాడంటే, నల్లా సరిగ్గా కట్టలేదు, చుక్కలు పడుతున్నాయి, బావుంది ఉంచు అన్నాడు.

నేనది పూర్తిగా మర్చిపోయాను. ఆ చుక్కల గురించి ఇంటర్వ్యూలో ఎవరో అడిగితే కావాలని పెట్టానని చెప్పాను కూడా.

ఆ 6,000 వాడికి ఎక్కడివి? అప్పటికి వాడికి ఉద్యోగం లేదు. రసీదు మీద తారీకు చూశాను, ఆంప్ కనపడకుండా పోయింది ఎప్పుడా అని లెక్కేశాను. అదే వారం.

అమ్మేశాడు. అమ్మి షిఫ్టు కట్టాడు. ఒక్క ముక్క చెప్పలేదు. నేనేమో పదిహేనేళ్ళకు పైగా ఊరంతా ఆంప్ దొంగ అని చాటాను.

మన కాపీరైట్ చట్టంలో పాట అంటే ఒకటి కాదు, మూడు. మాటలు రాసినవాళ్ళవి, బాణీ కట్టినవాళ్ళది, రికార్డింగు దాన్ని పూనుకుని డబ్బు పెట్టి చేయించినవాళ్ళది. పాటలు రాసేవాళ్ళకి, బాణీ కట్టేవాళ్ళకి రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్ సంఘంలో చేరినప్పుడు ఇదంతా చదివి అందరికీ పాఠం చెప్పినదాన్ని నేనే. ఆ లెక్కన ఆ పది సెకన్ల ముక్క, ఆ ధ్వని వరకూ, వాడిది. క్లెయిమ్ న్యాయమైనదే. నేనే వాడి సొత్తు అడక్కుండా వాడాను.

అలా అనుకుని ఓ పది నిమిషాలు చాలా ఉదారంగా కూర్చున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఆంప్ వాడొక్కడిది కాదు. నలుగురం కొన్నాం, తలా 2,000. నావి ట్యూషన్ డబ్బులు. అంటే ఆ 6,000లో నాలుగో వంతు, 1,500 నావి! రికార్డింగులో కూడా నాకు పాతిక శాతం ఉంది. రానందుకు అలిగిన డ్రమ్మర్‌కి కూడా ఉంది, వాడికి చెప్పను. ఈ లెక్క మా ఆయనకి చెప్దామని లేపితే "ఫోగర్టీ, పడుకో" అన్నారు.

పోనీ డబ్బు సంగతి వదిలేద్దాం. రాసినది అన్నచోట బ్యాండు అని పెట్టడం మాత్రం నేను వదల్లేను. 2012లో చట్టం సవరించి, పాట రాసినవాళ్ళకి, బాణీ కట్టినవాళ్ళకి రావాల్సిన రాయల్టీని సంతకం పెట్టించుకుని కూడా లాక్కోకుండా చేశారు. అంత చేసినా ఫారంలో ఒక గడి నింపే దగ్గర ఆగిపోతుంది. వాడికి దురుద్దేశం ఉండకపోవచ్చు. బహుశా ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకెళ్ళనివ్వలేదేమో, ఏదో ఒకటి టైప్ చేసుంటాడు. నా పేరు కూడా ఏదో ఒకటే కదా, అదే టైప్ చెయ్యొచ్చుగా?

ఈ రోజు మంచి కూడా జరిగింది, చెప్పడం మర్చిపోయాను. సాయంత్రం చిన్నది స్నానం చేస్తూ నల్లా పాట పాడింది. "రోజు విడిచి రోజు" అనాల్సింది "రోజు విడిచిన రోజా" అంది. అది వేరే పాట, బహుశా ఇంకా మంచి పాట. తలుపు బయట నిలబడి విన్నాను. E మైనర్‌లో పాడుతోంది, నా 2009 శ్రుతిలో, ఎక్కడా ఆయాసం లేదు.

నేను పబ్బుల నాటికే డి మైనర్‌కి దిగాను. ఇప్పుడు తీగలన్నీ మూడు ఫ్రెట్లంత వదులు చేసుకుని సి షార్ప్‌లో పాడుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. అడిగితే గిటార్ నాదం వెచ్చగా ఉంటుందని అంటాను.

ఇందాక డిస్టార్షన్‌కి మెసేజ్ పెట్టాను. గొడవ పెట్టుకుందామనే మొదలుపెట్టాను గానీ టైప్ చేసింది మాత్రం "ఆంప్ ఎంతకమ్మావు?" అని. అక్కడ మధ్యాహ్నం. వెంటనే చూశాడు.

"6,500. మిగిలిన 500 పెట్రోలుకీ, మనం తిన్న ఇడ్లీలకీ. ఇప్పుడెందుకు?"

క్లెయిమ్ సంగతి చెప్పాను. వాడికి ఆ సంగతే తెలియదు, అది మెషీనే పట్టుకుంటుందట, ఇప్పుడే వదిలేస్తానన్నాడు. రాసినవాళ్ళ పేరు కూడా మారుస్తాను, ఇంగ్లీషులో స్పెల్లింగ్ పంపు అన్నాడు. పంపాను. ఇంత తేలిగ్గా అయిపోయేదానికి నేను గోంగూర మాడ్చాను.

తర్వాత ఇంకో మెసేజ్ పెట్టాడు. "ఆ పాట ఇంకా పాడుతున్నావా? ఏ శ్రుతిలో?"

"E మైనర్" అని టైప్ చేసి పావుగంటైంది. ఇంకా పంపలేదు. వాడి పేరు కింద "ఆన్‌లైన్" అనే చూపిస్తోంది.