రాతి మెట్ల మీద సినిమా

ఇటలీలోని ట్రియెస్టేలో బస్సెక్కితే స్లొవేనియా ఇట్టే దాటిపోయి క్రొయేషియాలోకి వచ్చేశాం. మేం దిగిన ఇస్ట్రియా ద్వీపకల్పం దారంతా ఎర్రమట్టి, ఆలివ్ తోటలు. చాలా రోజుల తర్వాత ఎర్రమట్టి కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. అక్కడి పూలా అనే ఊళ్లో దిగాక మాత్రం కాస్త టెన్షన్ పడ్డాను. నేను బుక్ చేసుకున్న గది వేరేవాళ్లకి ఇచ్చేశారట. ఇంకోటి దొరికేసరికి సాయంత్రమైంది.

నేను వచ్చింది పూలా ఫిల్మ్ ఫెస్టివల్ కోసం. సినిమాలు వేసేది హాల్లో కాదు, ఒకటో శతాబ్దంలో రోమన్లు కట్టిన అరేనాలో. సముద్రం వైపు గోడ మూడంతస్తులు, ముప్పై మీటర్ల ఎత్తు ఉంటుంది. ఒకప్పుడు మనుషులూ మృగాలూ కొట్టుకు చచ్చిన చోట ఇప్పుడు పెద్ద తెర, ముందు వరుసల కుర్చీలు, వెనక రాతి మెట్లు. పగలంతా ఎండకి కాగిన ఆ రాళ్లు రాత్రి తొమ్మిదైనా వెచ్చగానే ఉన్నాయి. ఆకాశంలో ఇంకా వెలుగుంది. తోరణాల్లోంచి ఓడరేవు కనిపిస్తోంది.

ఈ పండగ 1954లో, క్రొయేషియా ఇంకా యుగొస్లావియాలో భాగంగా ఉన్నప్పుడు, ఆ దేశపు సినిమాల కోసం మొదలైంది. యుగొస్లావియాని ఏలిన టిటో వేసవి విడిది బ్రియుని దీవులు ఇక్కడికి దగ్గరే. 1991లో యుగొస్లావియా విడిపోతూ యుద్ధం వచ్చి ఆ ఏడాది రద్దు చేశారు. మరుసటి ఏడాది నుంచి ఇది క్రొయేషియా సినిమాల పండగ. ఇక్కడ ఇచ్చే బహుమతి పేరు గోల్డెన్ అరేనా. లేపాక్షి బసవన్న పేరు మీద ఒకప్పుడు మనం నంది ఇచ్చినట్టే, వీళ్లూ తమ రాళ్ల పేరే పెట్టుకున్నారు. 2021 లెక్కల ప్రకారం ఈ దేశం జనాభా 39 లక్షలు కూడా లేదు. మన హైదరాబాద్ కంటే తక్కువ!

సినిమాకి ముందు నటులూ సాంకేతిక నిపుణులూ వేదిక మీదకొస్తే మెట్ల మీద వాళ్లంతా పేరుపేరునా చప్పట్లు కొట్టారు. నా పక్కన ఓ పెద్దావిడ తన దిండు సగం నాకిచ్చి జరిగింది.

బొమ్మ పడింది. కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వస్తున్నాయి. ఒకచోట అరేనా అంతా గొల్లున నవ్వింది. నేను చదివితే అందులో నవ్వడానికేమీ లేదు, "ఏమిటి?" అని ఉందంతే. పెద్దావిడ నా మొహం చూసి ఇంగ్లీషులో చెప్పింది: "ఆ అబ్బాయి 'చా' అన్నాడు. అది మా మాట."

క్రొయేషియన్‌లో 'ఏమిటి' అనడానికి మూడు మాటలున్నాయి: ష్టో, కాయ్, చా. మాండలికాలకి పేర్లు కూడా వాటి మీదే వచ్చాయి. బడి పుస్తకాల్లో ఉండేది ష్టో. ఇస్ట్రియా పల్లెల్లో వినబడేది చా. చిన్నప్పుడు బళ్లో 'చా' అంటే టీచర్ దిద్దేవారని ఆవిడ చెప్పింది.

నాకు గొంతు పట్టేసినట్టయింది. మాది నల్గొండ. ఇంటర్‌లో హాస్టల్‌కి వెళ్లాక 'ఏంది' అన్నానని ఎన్ని నెలలు ఏడిపించారో! మన సినిమాల్లోనూ చాలాకాలం 'ఏందిరా' అన్నవాడు విలనో, కమెడియనో అయ్యేవాడు. హీరో నోట ఆ మాట వినడానికి మా తరం చాలా ఏళ్లు ఆగాల్సి వచ్చింది. ఇక్కడి నవ్వులో వెక్కిరింత లేదు. ఇంటి మనిషి తెర మీదకొచ్చినట్టు మురిసిపోయారు. ఎవరో ఆ మాటని గట్టిగా తిరిగి అన్నారు కూడా.

సినిమా అయిపోయేసరికి అర్ధరాత్రి కావస్తోంది. మెట్లు దిగుతుంటే పెద్దావిడ నా మోచేయి పట్టుకుని మా ఊళ్లో ఏమంటారని అడిగింది. 'ఏంది' అన్నాను. రెండుసార్లు పలికి చూసుకుంది. రెండోసారి అచ్చం మా మేనత్తలాగే అంది.

బయటికొచ్చి మర్నాటి రాత్రికి కూడా టికెట్ కొనుక్కున్నాను. ఈసారి దిండు నేనే తెస్తానని ఆవిడకి చెప్పాను.