శ, ష, స విడివిడిగా వినపడేదాకా

అక్టోబరు చివరి వారం

వాయుగుండం పుణ్యమా అని నెల్లూరులో మూడు రోజులుగా వాన వదల్లేదు. గడప దాటే పని లేక నాయన రికార్డుల పెట్టె దించాను. అన్నీ కలిపి నూట పన్నెండు. ఎక్కువ భాగం కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో తయారైన హెచ్ఎంవీ ఎల్పీలే, అంటే పెద్ద రికార్డులు. ఘంటసాల పాటల ఈపీలు, అంటే నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డులు, ఒక కట్ట; అడుగున లక్క పలకలు, అదే 78 చుట్లు తిరిగే పాతకాలపు 78లు, ఎనిమిది. సముద్రం గాలికి సగం కవర్ల లోపల తెల్లగా బూజు పట్టి ఉంది.

ఎల్పీలను డిస్టిల్డ్ నీళ్లు నాలుగు పాళ్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక పాలు కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, మెత్తటి గుడ్డతో గాడి తిరిగే వైపే తుడిచాను. తర్వాత ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో ఇంకోసారి. డిస్టిల్డ్ నీళ్లకోసమని బ్యాటరీ నీళ్లు అడిగితే కొట్టతను యాసిడ్ కలిసిన డబ్బా తీసి చేతిలో పెట్టబోయాడు, చూసుకుని కొనండి. 78 పలకలకు మాత్రం ఆల్కహాల్ చుక్క కూడా తగలకూడదు. వడ్రంగి తలుపులకు వేసే పాలిష్ ఏంది, లక్కను స్పిరిట్‌లో కరిగించిందేగా! పలక కూడా అట్నే కరుగుతుంది.

నవంబరు మొదటి ఆదివారం

డెక్, అదే రికార్డు తిప్పే యంత్రం, పాత టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2, చెన్నైలో సెకండ్ హ్యాండ్‌కు కొన్నది. దానికి ఆర్టొఫాన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జ్ ఉంది; కార్ట్రిడ్జ్ అంటే సూదిని పట్టుకుని, గాడిలో దాని కదలికను కరెంటుగా మార్చే ముక్క. కొత్తగా ఆడియో-టెక్నికా ఏటీ-వీఎం95ఎంఎల్ అనే ఇంకో కార్ట్రిడ్జ్ తెప్పించాను. రెండూ బిగించి, మార్చి మార్చి విని నోట్‌బుక్‌లో రాసుకున్నది: "రెడ్‌లో ప్రాణం ఉంది. ఎంఎల్ పేలవం."

ఆ వాక్యం కొట్టేయడానికి రెండు వారాలు పట్టింది.

రెడ్ ఇచ్చేది 5.5 మిల్లీవోల్టులు, ఎంఎల్ ఇచ్చేది 3.5. అంటే వాల్యూమ్ కదపకపోతే రెడ్ దాదాపు 4 డెసిబెల్స్ గట్టిగా మోగుతుంది. గట్టిగా మోగేది ఎవరికైనా బాగానే ఉంటుంది, పెళ్లి బ్యాండు కూడా. టెస్ట్ రికార్డులో 1 కిలోహెర్ట్జ్ స్వరం పెట్టి, స్పీకర్ తీగల దగ్గర మల్టీమీటరుతో ఏసీ వోల్టులు చూశాను. రెడ్‌కు 1.00 వస్తే ఎంఎల్‌కు 0.64. అప్పటినుంచి ఎంఎల్ ఎక్కించినప్పుడల్లా అదే స్వరం పెట్టి, మీటరు 1.00 చూపేదాకా వాల్యూమ్ తిప్పి ఆ తర్వాతే పాట.

నవంబరు మూడో వారం

మోత సమం చేశాక ఎంఎల్ పేలవం కాదని తేలింది గానీ, "స" మాత్రం బుసకొడుతోంది. కారణాలు రెండు దొరికాయి.

మొదటిది నవ్వొచ్చేది. కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే ప్రొట్రాక్టర్ కాగితాన్ని జిరాక్స్ కొట్టులో ప్రింట్ తీయించాను. కంప్యూటర్ దాన్ని పేజీకి సరిపెట్టి 97 శాతానికి కుదించింది. సూది గాడికి సూటిగా నిలవాల్సిన చోట్లు కేంద్రం నుంచి 66, 120.9 మిల్లీమీటర్లు, నా కాగితం మీద అవి 64, 117. మీరు ప్రింట్ తీస్తే ముందు దాని మీద స్కేలు పెట్టి 100 మిల్లీమీటర్ల గీత నిజంగా 100 ఉందో లేదో కొలవండి.

రెండోది కెపాసిటెన్స్, అంటే కేబుల్, ప్రీయాంప్ కొంచెం కరెంటు దాచుకునే గుణం. ఎంఎల్ అడిగేది 100 నుంచి 200 పికోఫారడ్లు. కార్ట్రిడ్జ్ సన్నటి సిగ్నల్‌ను పెంచే నా ప్రీయాంప్‌లో స్విచ్ 220 మీద ఉంది, కేబుల్ కలిపితే 400 దాకా పోతోంది. కార్ట్రిడ్జ్ కాయిల్‌కు 550 మిల్లీహెన్రీల ఇండక్టెన్స్ ఉంది కాబట్టి ఈ రెండూ కలిసి సుమారు 11 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక మిట్ట లేపుతాయి, అంటే ఆ శబ్దాలు మిగతావాటికంటే గట్టిగా మోగుతాయి. బుస వచ్చేది ఆ పక్కనే. స్విచ్ తగ్గించి, పొట్టి కేబుల్ వేశాక సద్దుమణిగింది. రూపాయి ఖర్చు లేదు, కేబుల్ ఇంట్లోదే.

ఇక నా అసలు పరీక్ష. ఎల్పీ నిమిషానికి ముప్పైమూడు చుట్లే తిరిగినా, అంచున గాడి సూది కింద సెకనుకు 51 సెంటీమీటర్లు పరుగెడుతుంది; చివరి పాటకొచ్చేసరికి 21. అక్షరానికి దొరికే చోటు సగం కూడా ఉండదు. కాబట్టి సైడ్‌లో ఆఖరి పాట పెట్టి, శ, ష, స వేర్వేరుగా వినపడుతున్నాయా లేదా అని చూస్తాను. గాయకుడు శుద్ధంగా పలికిన శకారాన్ని సూది సకారం చేసిందంటే అది ఫెయిలే. తెలుగు పాటకు ఇంతకంటే మంచి కొలత నాకు తోచలేదు.

డిసెంబరు, ఒంగోలు

ఒంగోలు మిత్రుడి దగ్గర డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్ ఉంది. 1962లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం చేసింది, నేటికీ అమ్ముతున్నారు. 0.3 మిల్లీవోల్టులే ఇస్తుంది కాబట్టి దాన్ని పెంచే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది కావాలి. గాడి మీద 2.5 గ్రాముల బరువు మోపి, గుండ్రటి మొన సూదితో, బరువైన ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ను మోసే కడ్డీ) మీద నడుస్తుంది. ఆయన స్పీకర్లు, యాంప్ నా మొత్తం సరంజామా కంటే ఎన్నో రెట్లు ఖరీదు. నా బాలమురళీకృష్ణ ఎల్పీ పెట్టాడు. మొదటి కీర్తనలో మృదంగం తొప్పి పొట్టలో మోగింది, గొంతు ఎదురుగా వచ్చి కూర్చుంది. చివరి కీర్తనకు శ పోయి స అయింది.

చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. "ఏందన్నా, నువ్వు పాట వినడం మానేసి అక్షరాలు ఏరుతుండావు" అన్నాడు. ఆ వెంటనే నా ఘంటసాల ఈపీ ఎక్కించి, రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం పంపే మోనో స్విచ్ నొక్కాడు. అరిగిపోయిన ఆ ఈపీ నా ఇంట్లో ఎంఎల్ కింద గరగరలాడేది. ఇక్కడ హాయిగా పాడింది. స్టీరియో సూది గాడి పైకీ కిందికీ కదిలినా శబ్దం తీస్తుంది, మోనో రికార్డులో ఆ కదలికలో ఉండేది దుమ్మూ గీతలే. స్విచ్ దాన్ని కొట్టేస్తుంది. అది స్విచ్ గొప్పా, సూది గొప్పా అని అడగబోయి ఊరుకున్నాను. తర్వాత ఇంట్లో మోనో నొక్కి చూస్తే సగం గరగర ఇక్కడా పోయింది. మిగతా సగం ఆయన సూదిదే, ఒప్పుకుంటున్నా.

సంక్రాంతి సెలవులు

రెండు కార్ట్రిడ్జ్‌లనూ 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించి మోత సమం చేశాను. మా అమ్మాయి ఏది పెడుతోందో చెప్పకుండా వినిపించింది. సైడ్‌లో మొదటి పాట: పదిలో ఆరు సరిగ్గా చెప్పాను, బొమ్మా బొరుసూ వేసినట్టే. చివరి పాట: పదిలో తొమ్మిది, ప్రతిసారీ శకారమే పట్టిచ్చింది.

ఇంకో మాట. సెలవులకు అమెరికా నుంచి వచ్చినవాళ్లు బెల్ట్ ప్లేయర్ తెస్తే, అది కరెంటు ఫ్రీక్వెన్సీతో తిరిగే మోటారేమో చూసుకోండి. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. వోల్టేజి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా రికార్డు 27.8 చుట్లే తిరుగుతుంది, పాట మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోతుంది. పక్కవీధిలో ఒకాయన నెల రోజులు అలాగే విని, పాత గాయకులందరూ మంద్రంలో పాడేవాళ్లని మురిసిపోయాడు.

మిగిలింది లక్క పలకలు. వీఎం95 ఒంటికే 78ల సూది, ఎస్పీ అనేది, తగులుకుంటుంది. పలక మీద 5 గ్రాముల బరువు మోపాలి. తెప్పించాను. నా డెక్‌లో 78 వేగమే లేదు. 45లో తిప్పి ఎక్కించుకుని కంప్యూటర్‌లో 1.733 రెట్లు చేయాలి. మొదటి పలక మీద లేబుల్ చెరిగిపోయింది, ఎవరు పాడారో ఇంకా తెలీదు.