రంభలో మామయ్య పడవకి కొత్త ఫ్యాన్

ఒడిశాలోని రంభ ఊళ్లో, చిలికా సరస్సు మీద టూరిస్టుల్ని తిప్పే మామయ్య పాత పాంటూన్ బోటు (గాలి నిండిన గొట్టాల మీద తేలే పడవ) ఈమధ్య మరీ బద్ధకిస్తోంది. పదిమంది ఎక్కితే చాలు, ఇంజిన్ గొంతు చించుకోవడమే కానీ బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ దగ్గరపడదు. ఇంజిన్ మార్చాలి, లక్షలవుతుందని ఆయనకి ఒకటే టెన్షన్.

బరంపురం మెకానిక్ మాత్రం ముందు కింద గొట్టాల ప్లగ్గులు విప్పించాడు. ఒక దాంట్లోంచి బుడబుడమని నీళ్లు! అంత బరువు మోస్తూ ఏ పడవ పరిగెడుతుంది? అతుకు వేయించి మళ్లీ నీళ్లలోకి దింపాం. ఫుల్ త్రాటిల్‌లో కూడా ఇంజిన్ 4,600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటలేదు. ఇంజిన్ పుస్తకంలో 5,000 నుంచి 6,000 ఉండాలని రాసి ఉంది.

ఉన్న ప్రొపెల్లర్, అదే నీళ్లలో తిరిగే ఫ్యాన్, 13 పిచ్. అంటే ఒక చుట్టుకి లెక్కప్రకారం 13 అంగుళాలు ముందుకి తొయ్యాలి. తేలిక స్పీడ్‌బోటుకైతే సరే, ఇలాంటి బరువు పడవకి ఐదో గేరులో ఘాట్ ఎక్కించినట్టే. అంగుళం పిచ్ తగ్గితే దాదాపు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందట. 10 పిచ్, నాలుగు రెక్కలది వేశాం. ముల్లు 5,200 దగ్గర నిలబడింది.

స్టీలుది కావాలని మామయ్య పట్టుబట్టాడు. "లోతులేని చోట నేలకి తగిలితే అల్యూమినియం రెక్క వంగి గేరుని కాపాడుతుంది బాబూ, స్టీలు ఆ దెబ్బని లోపలికే పంపుతుంది" అన్నాడు మెకానిక్. నాకూ అదే సబబనిపించింది. టాప్ స్పీడు పెద్దగా పెరగలేదు కానీ, జెట్టీలో రివర్స్ పట్టు బాగా తెలుస్తోంది. పాత ప్రొపెల్లర్ మాత్రం అమ్మనివ్వడం లేదు మామయ్య.