ఎండలో ఫుల్ హ్యాండ్సే హాయి

ఏప్రిల్ రాగానే ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిలు అడుగుతారు: "అక్కా, ఈ ఎండలో ఫుల్ హ్యాండ్స్ ఎలా వేసుకుంటున్నావు? ఉక్కగా ఉండదా?"

నాది వాహనాల ఇన్సూరెన్స్ సర్వే పని. నాచారం, ఉప్పల్ వైపు మెకానిక్ షెడ్లలో రేకుల కింద నిలబడి దెబ్బతిన్న బండ్లు చూడాలి, ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి స్కూటీ మీద పోవాలి. కాబట్టి గట్టిగానే చెప్తాను: స్లీవ్‌లెస్ కన్నా మణికట్టు దాకా వచ్చే వదులు కాటన్ చేతులే మన ఊరికి సరైనవి. హైదరాబాద్‌ది పొడి ఎండ. విశాఖలోలా చెమట ఒంటిమీద నిలిచిపోదు, పట్టినట్టే పట్టి ఆరిపోతుంది. ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. వదులు కాటన్ ఆ చెమటను పీల్చుకుని గాలికి ఆరనిస్తుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటాక బండి మీద తగిలేది చల్లగాలి కాదు, వడగాలి. అప్పుడు బట్ట లేని చేతికి ఎండా, ఆ గాలీ రెండూ నేరుగా తగులుతాయి.

అయితే కాటన్ అంటే ఏదో ఒక కాటన్ కాదు. కొనేముందు బట్టను వెలుగుకి పట్టి వెనక చెయ్యి పెట్టి చూడండి. వేళ్ళు స్పష్టంగా కనిపిస్తే ఎండలో చర్మాన్ని కమిలించే అతినీలలోహిత (యూవీ) కిరణాలు కూడా దూరిపోతాయి. పల్చటి తెల్ల టీషర్టు ఆపేది తక్కువ, చెమటకి తడిస్తే ఇంకా తక్కువ. నాకు మంగళగిరి కాటన్ ఇష్టం, నేత దగ్గరగా ఉంటుంది. రంగు విషయంలో తెలుపు ఒక్కటే మంచిదని నేను ఒప్పుకోను. తెలుపు వేడిని తిప్పికొడుతుంది నిజమే, కానీ అదే నేతలో కాస్త ముదురు రంగు ఆ కిరణాలను ఎక్కువ ఆపుతుంది. అందుకే మధ్యరకం నీలాలు, ఆకుపచ్చలు తీసుకుంటాను. టైలర్‌కి చంక దగ్గర వదులు ఉంచమని, పక్క చీలికలు పైకి పెట్టమని చెప్తాను. గంజి పల్చగానే పెట్టాలి. చిక్కగా పెడితే బట్టలోంచి గాలి ఆడదు.

ముఖానికి, మెడకి, చేతి వేళ్ళకి సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 చాలు, కానీ బయట ఉన్నప్పుడు రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. కళ్ళజోడు మీద యూవీ 400 అని ఉండాలి. హెల్మెట్ కింద షిఫాన్ చున్నీ వద్దు, కాటన్ స్కార్ఫ్ కట్టుకోండి.

నా దిగులంతా షెడ్లలో పనిచేసే కుర్రాళ్ళ గురించి. బనియన్లతో బానెట్ల మీద వంగి, కొందరు ఆ బనియన్లతోనే వెల్డింగ్ చేస్తూ ఉంటారు. వెల్డింగ్ మెరుపులోనూ అవే యూవీ కిరణాలు ఉంటాయి, భుజాలు కమిలిపోతాయి. కనిపించినప్పుడల్లా పాత కాటన్ చొక్కా చేతులు దించి వేసుకోమంటాను, వెల్డింగ్ దగ్గరైతే ముఖానికి షీల్డు కూడా అడుగుతాను. వడదెబ్బ తగిలి ఎవరికైనా మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా వెంటనే నీడలోకి చేర్చి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ 108కి ఫోన్ చేయమని వాళ్ళ ఓనర్లకీ చెప్పి ఉంచాను. ఒక షెడ్డాయన ఈ ఏడు సొట్టలు తీసే డెంటింగ్ పని పొద్దున ఏడింటికే మొదలుపెట్టిస్తున్నాడు. ఆయన దగ్గర సర్వే ఉంటే నేనూ ఆ టైముకే వెళ్తున్నాను.